మన పిల్లల మాట, బడి రాత

ఏజెన్సీ బళ్ళలో ఒకటో తరగతి పిల్లల గురించి తరచూ వినే మాట ఒకటుంది: "వీళ్ళకు భాషే రాదు." శిక్షణ తరగతుల్లో వింటాం, తనిఖీకి వచ్చినవాళ్ళ నోట వింటాం, ఒక్కోసారి మనవాళ్ళయిన ఉపాధ్యాయుల నోట కూడా వింటాం. ఇది అబద్ధం. మన బళ్ళలో చదువు చెప్పే పద్ధతి చాలావరకు ఈ అబద్ధం మీదే నిలబడి ఉంది. అందుకే దీన్ని విడమరిచి చూడాలి.

ఏ తల్లీ బిడ్డకు వ్యాకరణం నేర్పదు. ఏడాది నిండే వేళకు బిడ్డ ఒక్కో మాట అంటుంది. రెండేళ్ళకు రెండు మాటలు కలుపుతుంది. బడికి వచ్చేనాటికి అడగడం, బతిమాలడం, ఎగతాళి చేయడం, జరిగింది వరసగా చెప్పడం అన్నీ వచ్చేస్తాయి. కోయలోనైనా, కొలామీలోనైనా, తెలుగులోనైనా ఇది ఒకే తీరు. మాట ఎదగాలంటే వినేవాళ్ళు, జవాబిచ్చేవాళ్ళు కావాలి. ఇప్పపూలు ఏరే చోట, పశువుల వెంట, రాత్రి ముసలమ్మ కథ చెప్పే చోట మన పిల్లలకు అది దొరుకుతుంది. బడిలో అడుగు పెట్టగానే ఆగిపోతుంది.

పిల్లలు చేసే 'తప్పులు' చూడండి. గోండీ, కోయ భాషల్లో 'ఏరు' అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. దాహమేసిన పిల్ల 'ఏరు' కావాలంటే తరగతి నవ్వుతుంది. ఇంకొకటి. తెలుగులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ కలిపి 'వచ్చారు' అంటారు. గోండీ, కోయ, కువి, కొండ, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా మగవాళ్ళది ఒక వరస, ఆడవాళ్ళదీ తక్కిన వాటన్నిటిదీ ఇంకో వరస. అందుకే మన పిల్ల "అక్కలు వచ్చినయి" అంటుంది. టీచరు దాన్ని మర్యాద తెలియని మాట అనుకుంటారు. ఆ పిల్ల చేసింది తన భాష నియమాన్ని తెలుగులోకి తేవడం. భాష రానివాళ్ళు ఇటువంటి తప్పు చేయలేరు.

ఇక రాత సంగతి. వైగాట్‌స్కీ పేరు టీచరు ట్రైనింగ్ చేసినవాళ్ళందరికీ తెలుసు. 'సామీప్య వికాస మండలం' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. రాత గురించి ఆయన చెప్పింది మాత్రం తరగతి గదిలోకి తెచ్చుకోలేదు. అక్షరాలకు ముందే సైగల్లో, ఆటలో, బొమ్మలో రాత మొదలవుతుందని ఆయన అన్నాడు. వస్తువులను గీసినట్టే మాటను కూడా గీయవచ్చని పిల్లవాడు కనిపెట్టాలి. పైగా మాట్లాడేటప్పుడు ఎదుట మనిషి ఉంటాడు, రాసేటప్పుడు ఉండడు. లేని మనిషికి చెప్పడం కష్టమైన పని. బాగా వచ్చిన మాట ఆసరా ఉంటేనే ఆ పని సాగుతుంది.

మన బడిలో జరిగేది వేరు. మొదటి రోజు నుంచి ఓనమాలు, ఆ తరవాత గుణింతాలు, చూచిరాత. గోడ మీది చార్టులో 'ఋ' కింద ఋషి, 'ఔ' కింద ఔషధం. ఈ రెండు మాటలూ మన పిల్లలు ఇంట్లో ఎప్పుడూ విని ఉండరు. రెండేళ్ళు ఇట్లా దించితే దస్తూరీ ముత్యాల్లా వస్తుంది. "నిన్న సంతలో ఏం చూశావో రాయి" అంటే మాత్రం పలక ఖాళీగా ఉంటుంది. చేయి నేర్చుకుంది, మాట రాతలోకి రాలేదు. అప్పుడు మళ్ళీ అదే తీర్పు: "వీళ్ళకు భాషే రాదు."

వేరే దారి లేదని ఎవరూ అనడానికి లేదు. గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 240 బళ్ళలో బహుభాషా విద్య మొదలైంది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండీ, కొలామీ, లంబాడీ మొత్తం ఎనిమిది భాషలు. ఇది మంచి పనే. కానీ భాష వచ్చిన టీచరును బదిలీ చేసి, పుస్తకాలను పెట్టెలో ఉంచితే అది ఎట్లా నడుస్తుంది? పైగా తల్లిభాషను తెలుగులోకి దాటించే తెప్పగానే చూశారు. అవతలి ఒడ్డు చేరగానే తెప్పను వదిలేస్తారు. రాజ్యాంగంలో 1956 నుంచి 350ఎ అధికరణం ఉంది, 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా తల్లిభాష అంటోంది. కాగితానికి కొరత లేదు.

మనవైపు కూడా చూసుకోవాలి. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మనం పోరాడాం, పోరాడాలి కూడా. కానీ ఆ వాదనలో ఉద్యోగం గురించి మాట్లాడినంతగా పిల్లల భాష గురించి మాట్లాడలేదు. కోయ టీచరు కోయ పిల్లలతో తెలుగులోనే మాట్లాడితే, ఆ పిల్లకు పరాయి టీచరుకూ ఆయనకూ తేడా ఏముంది? మన హక్కుకు గట్టి ఆధారం మన నాలుక మీదే ఉంది.

"ఇంట్లో మన భాష మాట్లాడితే తెలుగు, ఇంగ్లీషు రావు" అని చదువుకున్న మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పిల్లలతో తల్లిభాష మానేస్తున్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఉద్యోగ పరీక్షలు మన భాషల్లో జరగవు. కానీ అచ్చులో అర్థం ఉంటుందని పిల్లలు ఒక్కసారి తెలుసుకుంటే చాలు, ఆ తెలివి ప్రతి భాషకూ పనికొస్తుంది. కోయ మాటను తెలుగు లిపిలో రాసిన పిల్లకు ఆ అక్షరాలే తెలుగుకూ పనికొస్తాయి.

చేయగలిగిన పనులు చిన్నవే. మొదటి నెలల్లో పిల్లలను తమ భాషలో మాట్లాడనివ్వండి, బొమ్మలు గీయనివ్వండి. ఆ బొమ్మ గురించి పిల్ల చెప్పిన మాటను ఆమె కళ్ళముందే దాని కింద రాసి, వేలు పెట్టి చదివించండి. తెలుగును ముందు ఆటలో, పనిలో చెవికి ఎక్కించి, తరవాత రాయించండి. భాష రాని టీచరు ఊరి ముసలమ్మను వారానికి ఒకరోజు బడికి పిలవవచ్చు, రోజుకు అయిదు మాటలు పిల్లల దగ్గరే నేర్చుకోవచ్చు. డిగ్రీ చదివిన యువత సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, తమ ఊరి పిల్లలు చెప్పే సంగతులను వాళ్ళ మాటల్లోనే రాసి, నాలుగు కాగితాలు కుట్టి బడికి ఇవ్వవచ్చు. పిల్లలు మొదట చదివే పుస్తకం తమ మాటే అయితే, చదువు తమది కాదని బడి మానేసే పిల్లలు తగ్గుతారు.