సన్నని సూది, సరైన పాళ్లు

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350కి ఇంజను వెనక గుప్పెట్లో ఇమిడే కార్బ్యురేటర్ ఉంటుంది. మిక్‌కార్బ్ వీఎం24. జపాన్ మికుని డిజైను, చెన్నై యూకాల్ తయారీ. 24 అంటే గాలి వెళ్లే దారి వ్యాసం, మిల్లీమీటర్లలో. సెన్సారు లేదు, కరెంటుతో పని లేదు. పిస్టన్ దిగుతూ గాలిని లాగుతుంటే ఆ లాగుడుకే పెట్రోలు జెట్లనే సన్న రంధ్రాల్లోంచి పైకొచ్చి తుంపరగా కలుస్తుంది. బరువులో పెట్రోలు ఒక వంతుకు గాలి సుమారు 14.7 వంతులైతే పెట్రోలు పూర్తిగా మండుతుంది. బండి స్లోలో ఉన్నా, ఎత్తు ఎక్కుతున్నా ఆ పాళ్లు మరీ చెడకూడదు. పనితనమంతా అక్కడే.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చేది సూది. తీసి వెలుతురులో చూడండి. పైన ఒకే మందం, కిందికి పోనుపోను సన్నం. ఆ తేడా కంటికి సరిగ్గా ఆనదు కూడా. అది నీడిల్ జెట్ రంధ్రంలో దిగి ఉంటుంది. ఎక్సలేటర్ తిప్పితే స్లైడుతోపాటు సూదీ లేస్తుంది. స్లైడు గాలికి దారి పెంచుతుంటే, సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలూ పెరుగుతుంది. రెండు పనులకూ ఒక్కటే కేబులు! సూది తలదగ్గర అయిదు గాట్లు. క్లిప్పును ఒక గాటు కిందికి మారిస్తే సూది ఆ మేరకు పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పైకి మారిస్తే పలచబడుతుంది.

సూది ఏలుబడి ఎక్సలేటర్ పావు నుంచి ముప్పావు దాకా. అంతకు దిగువ పైలట్ జెట్‌ది, పైన మెయిన్ జెట్‌ది. ఇది పట్టించుకోక ప్రతి జబ్బుకూ ఎయిర్ స్క్రూనే తిప్పేవాళ్లు ఎందరో. హైవే మీద పికప్ రాకపోతే ఆ స్క్రూ ఏం చేస్తుంది పాపం! దాని పని స్లో స్పీడు వరకే. ఇంజను బాగా వేడెక్కాక, స్లో కాస్త పెంచి, ఆ స్క్రూని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ చెవి ఒగ్గాలి. కొట్టుడు ఎక్కడ చురుగ్గా, నిలకడగా వినిపిస్తే అక్కడ ఆపి, స్లో మళ్లీ తగ్గించాలి. ఆపైన సంగతి స్పార్క్ ప్లగ్గు చెబుతుంది: మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, లేత గోధుమరంగైతే సరి.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలతో మన కొత్త బైకులు దాదాపు అన్నీ కార్బ్యురేటర్ వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇంట్లో పాత బండి ఉంటే మాత్రం ఒక్క మాట: జెట్ మూసుకుపోతే తీగతో పొడవనివ్వకండి. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టిస్తే చాలు. తీగ గీతకు పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నది కాదు.