గట్టి పాదాల అక్షరం

రోమన్ అక్షరాల గీతల చివర కనబడే చిన్న అడ్డుగీతను సెరిఫ్ అంటారు. అది పలకలా దళసరిగా, నిలువుగీతతో పోటీపడే మందంతో ఉంటే స్లాబ్ సెరిఫ్. పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో లండన్ ప్రకటనల కోసం పుట్టింది కాబట్టి, ఇది గోడమీద అరవడానికే తప్ప పుస్తకం లోపలి పుటలకు పనికిరాదనే అభిప్రాయం ఇప్పటికీ ఉంది. నిజానికి కాగితం, సిరా, యంత్రం చదువరికి సహకరించని చోటల్లా ఆదుకున్నది ఈ అక్షరమే.

1845లో లండన్‌లోని ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ తరఫున రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అనే అక్షరరూపాన్ని రిజిస్టర్ చేయించాడు. అంతకుముందరి స్లాబ్ సెరిఫ్ అక్షరాల్లో అన్ని గీతలదీ ఇంచుమించు ఒకే మందం, పాదం (సెరిఫ్) నిలువుగీతకు లంబంగా తగిలేది. క్లారెండన్‌లో ఆ మూలను చిన్న వంపుతో నింపారు. లావు, సన్నం గీతల మధ్య కొంత తేడా ఉంచారు. దాంతో మామూలు పాఠం పక్కన నిలబడి, మాటను ఎత్తిచూపుతూనే వరుసలో ఇమిడిపోయింది. పాఠపు అక్షరానికి తోడుగా బోల్డు దాదాపు లేని కాలమది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు తన ఆరోపాలకు, అంటే అర్థం చెప్పే మాటలకు, ఈ అచ్చునే వాడింది. రిజిస్ట్రేషన్ ఇచ్చిన రక్షణ గడువు మూడేళ్లే. అది తీరగానే మిగతా ఫౌండ్రీలు నకళ్లు తెచ్చాయి.

అసలు పరీక్ష దినపత్రికల్లో ఎదురైంది. పేర్చిన పుట మీద తడి అట్టను నొక్కి మూస తీసి, అందులో లోహం పోసి, ఆ వంపు పలకలను రోటరీ యంత్రానికి బిగించేవారు. ఈ ప్రయాణంలో సన్నగీతలు విరిగిపోయేవి. న్యూస్‌ప్రింట్‌లో సిరా పాకి చిన్నబడి (లోయర్‌కేస్) అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోయేవి. దీనికి జవాబుగా లైనోటైప్ సంస్థ 1925లో తెచ్చిన అయోనిక్ నంబర్ 5 క్లారెండన్ వంశానిదే. సన్నగీతలకు బలమిచ్చి, చిన్నబడి ఎత్తు పెంచి, ఖాళీలను విశాలం చేశారు. తెలుగు అక్షరానికి ఇలాంటి పాదాలు లేవు గానీ, చిన్న సైజులో వత్తుల సందులు మూసుకుపోవడం మనకూ తెలిసిన బాధే.

పుట నల్లబడుతుంది, పొడవైన పాఠానికి కన్ను అలసిపోతుంది అన్న అభ్యంతరంలో నిజముంది. 1934 నాటి రాక్‌వెల్ అనే స్లాబ్ సెరిఫ్‌లో వృత్తాలు, సమానమైన గీతలు శీర్షికకు అందమిస్తాయి; నవల మొత్తం అందులో చదవమంటే శిక్షే. అయితే ఆ తప్పు మందపు పాదానిది కాదు, యాంత్రికమైన ఒడ్డుపొడుగులది. డచ్ రూపకర్త పీటర్ మథియాస్ నోర్డ్‌జై 1990లో వెలువరించిన కసీలియాలో పాదాలు గట్టివే, గీతల నడక మాత్రం కలం రాతది. తొలి తరాల కిండిల్ ఈ-రీడర్లలో పుస్తక పాఠానికి దాన్నే ఎంచుకున్నారు. అంగుళానికి 167 చుక్కల బూడిదరంగు తెర మీద సన్నగీత నిలవదు మరి.

2015లో కిండిల్ బుకర్లీ అనే ఫాంటుకు మారింది కదా, తెరలు పదునెక్కాక దీని అవసరమేమిటని అడగవచ్చు. మంచి తెరకు అవసరం తగ్గిందన్నది ఒప్పుకోవలసిందే. కానీ జెరాక్సు ప్రతులు, చౌక కాగితపు పాఠ్యపుస్తకాలు, మందుల పెట్టెలోని కరపత్రాలు ఎక్కడికీ పోలేదు. అలాంటి చోట ఇంగ్లిష్ పాఠం అచ్చువేయించేవారు ఫాంటును కంప్యూటర్ తెర మీద చూసి ఖాయం చేయవద్దు. వాడబోయే కాగితం మీదే, వాడబోయే సైజులోనే ఒక పుట తీయించి, కంటిచూపు తగ్గిన పెద్దవారి చేత చదివించి చూడండి.