క్రీడాభిరామము - గోష్ఠీసల్లాపము

మానవల్లి రామకృష్ణకవిగారు 1909వ సంవత్సరమునఁ బ్రకటించినది మొదలు క్రీడాభిరామమునందుఁ బండితుల దృష్టి ముఖ్యముగాఁ గర్తృత్వముమీఁదనే నిలిచినది. వినుకొండ వల్లభరాయఁడు రచించెనా, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించినట్లు శ్రీనాథుఁడు రచించెనా యను చర్చ యెట్లు తేలినను, గ్రంథమును జదువవలసిన తీరు దానికంటె ముందుగా నిర్ణయింపఁదగిన విషయము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లోఁ బూర్వుల యాహారవిహారములకు దీనిని బలుతావుల సాక్ష్యముగాఁ గైకొనిరి. ఆ పరిశ్రమ శ్లాఘనీయము. అయినను దీనిని వినోదముల పట్టికగా మాత్రమే చదువువారును, అశ్లీలమని మూసిపెట్టువారును ఒక్క సంగతిని మఱచుచున్నారు. ఇందలి వర్ణనలలోఁ బెక్కు మిత్రుల సల్లాపమున వచ్చినవి.

గోవులు నిలుచు చోటు గోష్ఠము. తత్సంబంధి యగు గోష్ఠీశబ్దము జనుల కూటమియందు రూఢమైనది. అమరసింహుఁడు దానిని సభాపర్యాయములలోఁ జేర్చెను. వాత్స్యాయనుఁడు నాగరకుని దినచర్యఁ జెప్పుచు, భోజనానంతరమునఁ జిలుకలకు మాటలు నేర్పుటయు, లావుకలు, కోళ్లు, పొట్టేళ్లు పోరుటను జూచుటయు, అపరాహ్ణమున గోష్ఠీవిహారమును బేర్కొనెను. విద్యాబుద్ధిశీలవిత్తవయస్సులయందు సమానులగువారు తగిన మాటలతోఁ గూర్చుండుటయే గోష్ఠి యనియు, అందుఁ గేవల సంస్కృతముననే గాని కేవల దేశభాషనే గాని ప్రసంగింపరాదనియు నాతని మతము.

క్రీడాభిరామమున నీ విధి యందముగా మాఱినది. గోవిందమంచనశర్మ బ్రాహ్మణుఁడు, టిట్టిభసెట్టి వైశ్యుఁడు. వీరిని గలిపినది కులమును గాదు, ధనమును గాదు. చూచినదానిని జెప్పుకొనవలెనను వేడుక. ఓరుఁగంటి వీథులఁ దిరుగుచు వీరు కోడిపోరును జూతురు, పలనాటి వీరుల కథ విందురు, మాచల్దేవి యింటి చిత్రశాలకడ నిలుతురు, పూటకూటియింట భుజింతురు. నాగరకుని గోష్ఠి మేడ దిగి వీథిఁ బడినది. రూపకజాతియుఁ బేరునకుఁ దగినట్లు వీథియే. ఒక యంకము, ఒకరో యిద్దఱో పాత్రలు, కైశికీవృత్తి, పదుమూఁడంగములు దానికి లక్షణములు.

ఆ యంగములనే చరిత్రకారు లరయవలెను. వాక్కేళి యనఁగా నుక్తిప్రత్యుక్తుల హాస్యము. ప్రపంచము నవ్వు పుట్టించు నసత్యమైన పరస్పరస్తుతి. మృదవమున దోషములు గుణములుగను, గుణములు దోషములుగను దోఁచును. కోడిపోరిలో మడిసిన పుంజులు రంభాదులతో భోగించుటకై దేవలోకమున కేఁగుచున్నవను మాటను జూడుఁడు. రణమునఁ దెగిన వీరున కీఁదగిన స్తుతి కోడిపుంజునకు దక్కినది. దీనిచే నా కాలమునఁ గోడిపందెము నగరమున నుండెననుట సిద్ధించును. జనులు దానిని వీరధర్మముతో సమముగా గౌరవించిరనుట సిద్ధింపదు. వస్తువు వేఱు, వక్త యొక్క వివక్ష వేఱు. వివక్ష నెఱుఁగక యర్థము నిర్ణయించుట వ్యాకరణమున నెంత దోషమో, చరిత్రమునను నంత దోషమే.

పూటకూటి భోజనమునుగూర్చియు నిట్లే యరయవలెను. రూక యొక్కటికి లభించు నన్నమును, పిండివంటలును, పండ్లును బేర్కొనుట వస్తుకథనము; వానికిఁ గూర్చిన మెచ్చుకోలు ఆఁకలిగొన్న బాటసారి నోటిమాట. మొదటిదాని నాదరింపవచ్చును, రెండవదానిచే నాఁటి పూటకూటియిండ్లన్నియు నట్టివే యని నిర్ణయింపరాదు. మఱియొక చిక్కు గలదు. ఈ తెలుఁగు వీథికి రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము మూలము. ఆ మూలము నేఁడు లభింపదు. కావున నే వివరము ప్రతాపరుద్రుని కాలపు మూలములోనిదో, ఏది తెలిఁగించిన కవి తన కాలమునుండి చేర్చినదో వేఱుపఱుచుట దుష్కరము. 1323లో ముగిసిన కాకతీయ ప్రభుత్వపు టోరుఁగంటిని దీనినుండి చిత్రించువా రీ సందేహమును మనసున నుంచుకొనవలయును.

ఇంతమాత్రమున గ్రంథమునందలి ప్రతివాక్యమును సమర్థింపఁబనిలేదు. స్త్రీవర్ణనలు కొన్ని గ్రామ్యత్వదోషమున కెర యైనవి. వీథీలక్షణము వానిని గాపాడఁజాలదు. హాస్య మెదుటివానిని గూడ నవ్వింపవలెను. ఇచ్చటఁ గొన్నితావుల వక్త యొక్కఁడే నవ్వుచున్నాఁడు. అయినను రాజసభలకును యుద్ధములకును బద్యములు చాలఁగాఁ గల భాషలో, ఇద్దఱు సామాన్యులు పొద్దుపోకకుఁ జెప్పుకొన్న మాటలను గావ్యార్హములుగాఁ దలఁచిన కవి యొకఁడుండుట యాంధ్రవాఙ్మయమునకు లాభము.

పాఠశాలలో నీ గ్రంథము నుండి కొన్ని భాగములఁ జెప్పు పండితులు ప్రతిపద్యమునకు ముందుగా నెవ్వఁ డెవ్వనితో నే వేళఁ జెప్పెనో విద్యార్థులచేఁ బలికింతురేని, అర్థము సగము తనంతఁ దానే తెలియును. తక్కిన సగమునకు నిఘంటువు చాలును.