మాటల మార్పు - మన కోపము

ఇంగ్లీషు మాటలను తప్పుగా వాడువారిపై కోపగించుకొనుట చదువుకొన్నవారికి పరిపాటి. మన సంఘములలోని పెద్దలకును ఈ కోపము కలదు. సభ తేదీని ముందునకు జరుపుటను ‘ప్రిపోన్’ అన్నచో కొందరు చెవులు మూసికొందురు. అది మన దేశమున వ్యాపించి, ఒక లోటు తీర్చి, ఆక్స్‌ఫర్డు నిఘంటువున సైతము చోటు సంపాదించుకొన్న మాట. దానిపై కోపమేల?

‘నైస్’ చరిత్ర చూడుడు. లాటినులో దాని మూలమునకు ‘ఎరుగని’ యని అర్థము. ఇంగ్లీషున మొదట ‘తెలివిమాలిన’ యని యుండి, క్రమముగా ‘చక్కని’ యను అర్థమునకు చేరినది. పదిమందిలో నొకనిని చంపు రోమను సైనికశిక్షకు పేరైన ‘డెసిమేట్’ నేడు పెక్కుమందిని రూపుమాపుటను తెలుపుచున్నది. ఆ శిక్షయే నేడు లేదు. మాట మారినందువలన నష్టమును లేదు.

‘డిసింటరెస్టెడ్’ విషయము వేరు. పక్షపాతము లేని, స్వలాభము చూడని యని దీనికి పండితులు చెప్పు అర్థము. ఆసక్తి లేని యను అర్థమున వాడుట తప్పని వారందురు. చరిత్ర వారికి పూర్తిగా తోడురాదు. ఆ రెండవ అర్థము 17వ శతాబ్దిలోనే కలదు. అయినను మేము పండితుల పక్షమే. న్యాయాధిపతికి పక్షపాతము ఉండరాదు, ఆసక్తి ఉండి తీరవలెను. రెంటికిని ఒకే మాట యైనచో ఒక మంచి గుణమునకు పేరు లేకుండ పోవును. కోపింపదగిన చోటు ఇదియే.

ఈ కొలత మన తెలుగునకును వర్తించును. ఒడియాలో ఉపన్యాసమనగా నవల; మరాఠీలో ఆగ్రహమనగా పట్టుబట్టుట; కన్నడ, తమిళములలో అవసరమనగా తొందర. ఆ బడులలో చదువు బిడ్డ ‘అవసరము’ అన్నప్పుడు, డబ్బు తీయవలెనో నడక వేగము పెంచవలెనో తండ్రికి తెలియదు. ఇరుగుపొరుగు భాషలలో ఆ అర్థములే సరియైనవి. మన యింట మాత్రము తొందరకు తొందర, అవసరమునకు అవసరము మిగులవలెను.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) శిష్టజనుల వాడుకనే రచనకు ప్రమాణముగా నిలిపిరి. ఇంట తెలుగు వాడుకయే సన్నగిల్లినచో ఆ ప్రమాణమును ఎవరినుండి గ్రహింతుము? ఇంగ్లీషు తప్పులపై చూపు శ్రద్ధలో సగమైనను భోజనమువేళ బిడ్డలతో తెలుగున మాటలాడుటకు వినియోగింతము.