సర్వపిండికి సర్వ కావాలి

సకినాలకు పేరుంది. సంక్రాంతి వస్తే పత్రికలన్నీ వాటి బొమ్మలు వేస్తాయి. ఓరుగల్లు, కరీంనగర్ వైపు ఇళ్లలో పొద్దుగూకాక, అన్నం కూర వండే ఓపిక లేని రోజున పొయ్యెక్కే సర్వపిండిని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నన్నడిగితే పనితనంలో ఇది సకినం కన్నా ఒక మెట్టు పైనే. సకినాలు చుట్టేవాళ్లకు కోపం వస్తే రానీ.

ఇందులోనూ నేను సొరకాయ పక్షం. రెండు గ్లాసుల బియ్యప్పిండికి ఒక గ్లాసు సొరకాయ తురుము, అరగంట నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీ పలుకులు, ఉల్లికాడలు, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర, వెల్లుల్లితో కలిపి దంచిన పచ్చిమిర్చి, ఉప్పు. గింజ, పప్పు, కాయ, ఆకు అన్నీ ఒక్క ముద్దలోనే వచ్చేశాయి. పక్కన గడ్డపెరుగు ఉంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. సర్వ అనే గిన్నెలో చేస్తారు కాబట్టి సర్వపిండి అంటారు. సర్వం పడతాయి కాబట్టి ఆ పేరొచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారు. గిన్నెప్ప అన్నా, కోస్తా వాళ్లు తపాలచెక్క అన్నా గిన్నె పేరే కదా ముందుండేది! అందుకే నా ఓటు గిన్నెకే.

నీళ్ల దగ్గరే సగంమంది తప్పుతారు. సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఉప్పు తగలగానే అది ఊరడం మొదలుపెడుతుంది. పిండి పొడిపొడిగా ఉందని నేను చెంబు అందుకోబోతే మా మేనత్త చేయి పట్టుకునేది. "ఆగు బిడ్డా, సొరకాయ నీళ్లిడుస్తది. గింతల తొందరేంది?" పది నిమిషాలాగి, అప్పటికీ ముద్ద కట్టకపోతేనే నాలుగు చుక్కలు చిలకరించేది. ఎన్నడూ కొలత చూసింది లేదు. ముద్దను బొటనవేలితో నొక్కేది. అంచు పగలకుండా గుంట పడితే సరే.

ఆ తర్వాత అద్దడం. బియ్యప్పిండికి గోధుమపిండికున్న సాగుడు లేదు, కర్రతో ఒత్తితే చీలుతుంది. అందుకే నూనె రాసిన సర్వ అడుగున ముద్ద పెట్టి, తడిచేత్తో నడుమ నుంచి గోడల మీదికి జరుపుకుంటూ పోవాలి. మా అత్త వేళ్లు గిన్నె లోపల కనపడకుండా తిరిగేవి. బయటికి తీసేసరికి పిండి అంతటా ఒకే మందం. వేలితో ఐదారు చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో చుక్క చుక్కగా నూనె వదిలేది. ఆ నూనె కిందికి దిగి పిండికీ గిన్నెకీ మధ్య పాకుతుంది. కింద చిక్కిన ఆవిరి అదే దారిన పైకొస్తుంది. మూత పెట్టాక ఇక తిరగేసే పని లేదు. గిన్నె వేడికి అడుగు కరకరలాడుతుంది, ఆవిరికి పైభాగం మెత్తబడుతుంది. ఒకే రొట్టెలో రెండు రుచులు.

కట్టెల పొయ్యి మీద మంట సర్వ చుట్టూ నాలుకలు చాచేది. గ్యాసు మంట అడుగునే తగులుతుంది. కాబట్టి కాసేపయ్యాక సర్వను ఓ పక్కకు వంచి, పట్టకారుతో తిప్పుతూ ప్రతి గోడకూ సెగ చూపించాలి. మేనత్త మూత తీసి చూసేది కాదు, చెవి పెట్టేది. తడి ఉన్నంతసేపు సుయ్యిమంటుంది. ఆ సప్పుడు సన్నబడి చిటపటలోకి మారగానే దించి, బోర్లించి తట్టేది. ఎర్రగా కాలిన చిప్ప పళ్లెంలో పడేది, ఒక్క పెచ్చు కూడా గిన్నెకు అంటకుండా! ఈలోపు రెండో సర్వ పొయ్యి మీద ఉండేది. కాలిన గిన్నెలో చెయ్యి పెట్టలేం కదా. చన్నీళ్లు పోసి అది చల్లారేదాకా రెండోది నడిచేది. ఎనిమిది మంది తిన్నా వరస తెగేది కాదు. నాకు ఈనాటికీ మొదటిది పెచ్చులుగానే వస్తుంది.

ఇప్పుడు సర్వపిండి పేరుతో అమ్ముడవుతున్నది చూస్తే ఒళ్లు మండుతుంది. అరచేయంత బిళ్లలు చేసి బాణలిలో నూనె పోసి దేవుతున్నారు. అది చెక్క. మంచిదే, కాని దాని పేరుతోనే అమ్ముకోండి. నూనె తాగని రొట్టెగా బతికినదాన్ని నూనెలో ముంచడం ఏం న్యాయం? ఇంకొందరు నాన్‌స్టిక్ పెనం మీద చదునుగా వేసి, గోడ లేని సర్వపిండి తినిపిస్తున్నారు. 'తెలంగాణ పిజ్జా' అని మురిసిపోయే మాట ఇంకా కష్టంగా ఉంటుంది. మన వంటకు ఇంకొకరి పేరు తగిలిస్తే తప్ప పిల్లలు తినరా?

తప్పు తినేవాళ్లదొక్కటే కాదు, గిన్నె పోయింది. ఇత్తడి సర్వకు లోపల కళాయి పూయాలి. వీధుల్లో కేకేసుకుంటూ వచ్చే కళాయివాళ్లు కరువయ్యారు. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ సర్వను మంట మీద మరచిపోతే పూత పాడైపోతుంది. ఆ జాగ్రత్త ఎవరు పడతారని సిల్వర్ గిన్నెలు వచ్చాయి, వాటి వెనక పెనాలు వచ్చాయి.

మీ అటక మీద పాత సర్వ ఉంటే తూకానికి అమ్మేయకండి. ముందు కళాయి పూసేవాణ్ణి వెతకండి. దొరక్కపోతే గుండ్రటి అడుగున్న మందపాటి ఇనుప మూకుడులోనైనా అద్దండి, గోడ ఉంటుంది. సర్వకు సొట్టపడిందని వెనకాడకండి. మా అత్త సర్వకూ ఉంది. అక్కడ పిండి కాస్త మందంగా అద్దితే సరి.