298 కెల్విన్ చెన్నైలో దొరకదు

రసాయన చర్యల వేగాల పట్టిక ఏది తిరగేసినా ముందు కనబడేది 298 కెల్విన్. అంటే 25 డిగ్రీలు. చెన్నైలో కాపురముంటూ ఆ సంఖ్య చూస్తే నాకు నవ్వొస్తుంది. ధనుర్మాసం తెల్లవారుజామున తప్ప ఈ ఊళ్లో ఆ ఉష్ణోగ్రత ఎక్కడిది? కత్తిరి ఎండల్లో మనలి పక్క 40 దాటుతుంది. అదే మధ్యాహ్నం మన నెత్తిన పది కిలోమీటర్ల ఎత్తులో గాలి సున్నాకి 30 డిగ్రీల దిగువన ఉంటుంది. మీథేన్ రెండు చోట్లా ఉంది. దాన్ని తగలబెట్టే హైడ్రాక్సిల్ రాడికల్ కూడా రెండు చోట్లా ఉంది. అందుకే గది ఉష్ణోగ్రత దగ్గర కొలిచి ఆపేసిన వేగం నా దృష్టిలో సగం పనే.

హైడ్రాక్సిల్ అంటే ఒక హైడ్రోజన్ తక్కువైన నీటి అణువు. ఎదురొచ్చిన హైడ్రోకార్బన్ నుంచి ఆ హైడ్రోజన్ లాక్కుని నీరైపోతుంది. ఎండ ఓజోన్‌ను విరగ్గొడితే విడివడే చురుకైన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని గుద్దుకున్నప్పుడు ఇది పుడుతుంది. మనం తిట్టుకునే ఉక్కపోతే దీనికి ముడిసరుకు. మన కింది వాతావరణంలో ఇది నిత్యం తయారవుతూ ఉంటుందని 1971లో హైరమ్ లెవీ చెప్పేదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయుష్షు చూస్తే మహా అయితే ఒక సెకను. పగటిపూట ఘన సెంటీమీటరుకి ఏ పది లక్షలో ఉంటాయి, అంటే దాదాపు 25 లక్షల కోట్ల గాలి అణువుల్లో ఒకటి. గాలిలో మీథేన్ సుమారు తొమ్మిది, పదేళ్లు మాత్రమే నిలుస్తోందంటే ప్రధానంగా దీని చలవే.

ఈ చర్యల వేగం కొలవడానికి గాజు గొట్టంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి నింపి 248 నానోమీటర్ల లేజర్‌తో కొడతాం. అది రెండు హైడ్రాక్సిల్ ముక్కలవుతుంది. ఇంకో లేజర్ 282 దగ్గర వాటిని కదిలిస్తే 308 చుట్టుపక్కల వెలుగుతాయి. హైడ్రోకార్బన్ వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పోస్తాం కాబట్టి తరిగేది హైడ్రాక్సిల్ ఒక్కటే. ఆ వెలుగు ఎంత త్వరగా సన్నగిల్లిందన్నదే కొలత.

చెప్పుకోవడానికి లేజర్లు బాగుంటాయి గానీ, రోజంతా మింగేసేది ఉష్ణోగ్రతే. గొట్టం చుట్టూ తొడుగులో వేడి ద్రవమో, చల్లటి ఆల్కహాలో తిరుగుతుంటుంది. ఆ ద్రవాన్ని తిప్పే యంత్రం చూపించే అంకె తొడుగుది, లోపలి వాయువుది కాదు. రెండు లేజర్లూ కలిసే చోటుకి థర్మోకపుల్ జరిపి చూస్తే తేడా తెలుస్తుంది. పెరాక్సైడ్ గోల వేరే. దాన్లోని నీళ్లు పోవడానికి రోజుల తరబడి నైట్రోజన్ బుడగలు పంపాలి. వెచ్చటి లోహం తగిలితే చాలు, విరిగిపోతుంది.

అసలు పరీక్ష చలిలో మొదలవుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ప్రొపీన్, మీథేన్ కంటే సుమారు 4 వేల రెట్లు వేగంగా హైడ్రాక్సిల్‌తో కలుస్తుంది. సున్నాకి 23 దిగువకు దించితే మీథేన్ వేగం మూడో వంతుకి పడిపోతుంది. ప్రొపీన్‌ది పెరుగుతుంది! దాని జంట బంధానికి హైడ్రాక్సిల్ వచ్చి అతుక్కోవడమే కదా, చలిలో ఆ అతుకు ఇంకా బాగా నిలబడుతుంది. అప్పుడు తేడా దగ్గర దగ్గర 18 వేల రెట్లు. అంటే సిలిండర్లో 18 వేల మీథేన్ అణువులకు ఒక్క ప్రొపీన్ చొరబడినా వేగం రెట్టింపు కనిపిస్తుంది. అదే సిలిండర్ గదిలో నాలుగో వంతు తేడా కూడా చూపించదు. ఉష్ణోగ్రతతో వేగం ఎలా మారుతుందో చూపే అర్హీనియస్ గీత చల్లటి కొసన పైకి వంగితే, హైడ్రోజన్ శక్తి అడ్డుగోడను ఎక్కకుండా దాని గుండానే దూరిపోతోందని, అంటే 'టన్నెలింగ్' అని పేపరు రాసేయాలని చేతులు దురదపెడతాయి. ముందు సిలిండర్ సంగతి చూడాలి.

ఈ అంకెల మీద ఆధారపడి ఎంత ఉందో 1991లో తెలిసింది. ఘన్‌శ్యామ్ వాఘ్‌జియానీ, మైసూరులో చదివిన ఎ.ఆర్. రవిశంకర అమెరికాలోని బౌల్డర్‌లో మీథేన్ చర్యను మళ్లీ కొలిస్తే, అప్పటిదాకా అనుకున్న దానికన్నా నెమ్మదిగా తేలింది. దాంతో మీథేన్ ఆయుష్షు పెరిగింది, ఏటా గాలిలోకి ఎంత చేరుతోందన్న ప్రపంచపు లెక్క తగ్గింది. అదే బౌల్డర్‌లో రవిశంకరతో పనిచేసి వచ్చిన ప్రొఫెసర్ బి. రాజకుమార్ బృందం ఐఐటీ మద్రాసులో ఇలాంటి కొలతలు చేస్తోంది.

లేజర్‌తో వెలిగించి చూసే ఏర్పాటు లేకపోతే ఇంకో దారి ఉంది. వేగం తెలిసిన హైడ్రోకార్బన్‌ను, తెలియని దాన్ని ఒకే గాజుపాత్రలో పెట్టి, ఏది ఎంత తరిగిందో గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో చూడటం. గడియారం లేకుండా ఇద్దర్ని కలిపి పరుగెత్తించడం లాంటిది. హైడ్రాక్సిల్‌ను చూడనే అక్కర్లేదు. కాకపోతే, తెలిసినదని మనం నమ్మినదాని వేగం ఆ ఉష్ణోగ్రత దగ్గర తప్పయితే, ఆ తప్పు మన జవాబుకి కూడా అంటుకుంటుంది. ఎక్కువమంది ఉష్ణోగ్రత మార్చకుండా ఆపేయడానికి ఇదొక సాకు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది టోల్యూన్. పెట్రోల్ బంకు దగ్గర మన ముక్కుకి తగిలే ఆవిర్లలో అదీ ఒకటి. చల్లగా ఉన్నంతసేపు హైడ్రాక్సిల్ దాని వలయానికి అతుక్కుంటుంది. 50 డిగ్రీలు దాటితే అతుక్కున్నది మళ్లీ ఊడి రావడం మొదలెడుతుంది. అక్కడి నుంచి 100 డిగ్రీల దాకా తెర మీద హైడ్రాక్సిల్ వెలుగు తరుగుదల గీత తిన్నగా దిగదు, వంకర్లు పోతుంది. ఇంకా వేడెక్కిస్తే అతుకుడు పోయి, పక్కనున్న మిథైల్ నుంచి హైడ్రోజన్ లాక్కోవడం పైచేయి అవుతుంది, గీత మళ్లీ చక్కబడుతుంది. ఒక అణువు, రెండు పద్ధతులు. 25 డిగ్రీల దగ్గర కూర్చున్నవాడికి ఇందులో రెండోది దాదాపు కనపడదు.