మంద్రం మందగించినప్పుడు

కారు ధ్వనివ్యవస్థలో సుమారు 20 నుంచి 80 హెర్ట్జ్ వరకు ఉండే మంద్రనాదాలను, అంటే గాలిని సెకనుకు 20 నుంచి 80 సార్లు మాత్రమే కంపింపజేసే ధ్వనులను, పలికించే పెద్ద స్పీకరును సబ్‌వూఫర్ అంటారు. తలుపుల్లో అమర్చిన చిన్న స్పీకర్లు మోయలేని డోలుదెబ్బ బరువూ, మృదంగపు ఎడమ మూత గాంభీర్యమూ దీని వంతు. ఈ బేస్ పలచబడినప్పుడు స్పీకరు పాడైందనో, ఆంప్లిఫయర్ శక్తి చాలడం లేదనో అనుకోవడం పరిపాటి. చేయి తిరిగిన మెకానిక్కులు మాత్రం ఆ రెండింటినీ చిట్టచివరనే అనుమానిస్తారు. పాట బయలుదేరిన చోటి నుంచి చెవి వరకు ధ్వని నడిచే దారిని మజిలీ మజిలీగా పరీక్షిస్తూ, ఒకసారికి ఒక్క మార్పే చేసి విని చూడడం వారి పద్ధతి.

శక్తిని ముందుగా అనుమానించకపోవడానికి కారణం చెవి స్వభావంలో ఉంది. బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన సమశ్రవణ రేఖలు, మంద్రనాదాలను చెవి ఎంత తక్కువగా పట్టించుకుంటుందో లెక్కకట్టి చూపాయి. తగ్గుస్థాయిలో వినేటప్పుడు 50 హెర్ట్జ్ నాదం 1000 హెర్ట్జ్ నాదంతో సమానంగా వినిపించాలంటే 30 డెసిబెల్స్‌కు పైగా అదనపు తీవ్రత కావాలి. ఆంప్లిఫయర్ వాట్లను రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ధ్వని రెట్టింపైనట్టు చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పదింతల శక్తి, అవసరమవుతుంది. అందువల్ల 300 వాట్ల ఆంప్లిఫయర్ తీసి 600 వాట్లది పెట్టినా లాభం స్వల్పమే.

మొదటి మజిలీ స్టీరియో. చాలా స్టీరియోల్లో సబ్‌వూఫర్‌కు వేరే స్థాయి అమరిక ఉంటుంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు అది మొదటికి రావచ్చు. నిర్ణీత హద్దుకు దిగువన ఉన్న నాదాలనే సబ్‌వూఫర్‌కు పంపే లోపాస్ ఫిల్టరును సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర ఉంచుతారు. మరీ లోతైన నాదాలను ఆపివేసే సబ్‌సానిక్ ఫిల్టరు పొరపాటున 50 హెర్ట్జ్‌కు చేరితే, ఈ రెండు హద్దుల నడుమ మిగిలేది సన్నని సందే. ఆంప్లిఫయర్ మీది గెయిన్ మరను శబ్దం పెంచే మరగా భావించడం మరో పొరపాటు. అది స్టీరియో పంపే సంకేతానికి ఆంప్లిఫయర్‌ను సరిపెట్టే అమరిక. సబ్‌వూఫర్ వైర్లు విప్పి, 50 హెర్ట్జ్ పరీక్షానాదం పంపి, ఆంప్లిఫయర్ చివర మల్టీమీటరు పెట్టి దాన్ని సరిచేస్తారు. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే రావలసిన వోల్టేజీ తెలుస్తుంది. 300 వాట్లు, 4 ఓములు అయితే అది సుమారు 34.6 వోల్టులు.

రెండవ మజిలీ కరెంటు. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఉంటాయి. అవి డిక్కీలోని ఆంప్లిఫయర్ దాకా చేరడం లేదంటే దోషం తరచుగా బాడీ ఎర్తులో ఉంటుంది. రంగు గీకని ఇనుప రేకుకు బిగించిన ఎర్తు వైరు దగ్గర 0.05 ఓముల నిరోధం ఉన్నా, 50 ఆంపియర్లు ప్రవహించే క్షణంలో 2.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరును అచ్చ రాగి వైరుగా నమ్మి కొనడం కూడా ఇలాంటి నష్టమే, ఎందుకంటే అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 60 శాతం. పాట ఆపి కొలిస్తే ఈ లోపం కనబడదు. బేస్ దెబ్బ పడుతున్నప్పుడే మీటరు పెట్టాలి.

మూడవ మజిలీ కాయిల్. 4 ఓముల కాయిల్ మీటరు మీద మూడున్నర ఓముల దగ్గర చూపడం ఆరోగ్యలక్షణం. అంకె అసలే రాకపోతే కాయిల్ తెగినట్టు. రెండు 4 ఓముల కాయిళ్లున్న సబ్‌వూఫర్‌ను పక్కపక్కన కలిపితే 2 ఓములు, వరుసగా కలిపితే 8 ఓములు అవుతుంది. 2 ఓముల వద్ద 600 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయర్ 8 ఓముల వద్ద అందులో పావు వంతు దగ్గరే ఆగిపోతుంది.

అన్నిటికంటే సూక్ష్మమైనది, తరచుగా కంటపడనిది, వైర్ల తారుమారు. రెండు సబ్‌వూఫర్లలో ఒకదాని ప్లస్ మైనస్ వైర్లు మారితే, ఒకటి గాలిని తోస్తున్న క్షణంలో మరొకటి లాగుతుంది. రెండూ కష్టపడుతూనే ఉంటాయి గాని చెవికి చేరేది దాదాపు శూన్యం. 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌ను సబ్‌వూఫర్ ప్లస్‌కూ, మైనస్‌ను మైనస్‌కూ ఒక్క క్షణం తాకిస్తే స్పీకరు డిప్ప (కోన్) బయటికి కదలాలి. లోపలికి పోతే వైరు తారుమారైందన్నమాట. సబ్‌వూఫర్ ఒక్కటే ఉన్నా, దాని నాదమూ తలుపు స్పీకర్ల నాదమూ 80 హెర్ట్జ్ సరిహద్దులో పరస్పరం కొట్టేసుకోవచ్చు. అప్పుడు ఫేజ్ మీటను 0, 180 స్థానాల మధ్య మార్చి, డ్రైవరు సీటులో ఏది నిండుగా వినిపిస్తే దాన్నే ఉంచుతారు.

చివరి మజిలీ పెట్టె, దాన్ని ఉంచిన చోటు. గాలి చొరని సీల్డ్ పెట్టెకు సన్నని బీట పడినా బేస్ సడలుతుంది. బేస్ మోగుతున్నప్పుడు అతుకుల వెంట అగరబత్తి తిప్పితే పొగ వణికిన చోటే రంధ్రం. 40 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు, అంటే కారు పొడవుకు మించి. కాబట్టి పెట్టె మూతి ఎటు తిప్పారు, వెనక సీటు గోడలా అడ్డుగా ఉందా అన్నవి ఫలితాన్ని మార్చేస్తాయి. సెడాన్‌లో సీటును ముందుకు మడిచినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే, లోపం యంత్రానిది కాదు, దారిది.

మృదంగ విద్వాంసుడు నాదం పలచగా ఉందని వాయిద్యాన్ని మార్చడు. ఎడమ మూతకు తడి రవ్వముద్ద అద్ది, బరువు పెంచి, శ్రుతి దించి, మళ్లీ వాయించి చూస్తాడు. విని, సవరించి, మళ్లీ వినే ఆ ఓర్పే కారు మెకానిక్కు పద్ధతికీ ప్రాణం. ఇందుకు కావలసినవి ఒక మల్టీమీటరు, ఒక సెల్లు, ఒక అగరబత్తి. కొత్త ఆంప్లిఫయర్‌కు డబ్బు కట్టే ముందు ఈ మూడింటితో ఒక గంట గడపడం ఏ కారు యజమానికైనా లాభసాటి.